అప్‌డేట్: నెలసరి ముందు మా చెల్లి పడే బాధ గురించి

నెలసరికి వారం పది రోజుల ముందు నుంచి మా చెల్లి అయినదానికీ కానిదానికీ ఏడుస్తోందని, "నేనెందుకు బతకాలి" అంటోందని, ఇది జబ్బేనా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

కోనసీమలో మా పీహెచ్‌సీ డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది చచ్చిపోవాలన్న ఆలోచనల గురించే. థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసి, వరసగా రెండు నెలసరులు డైరీ పెట్టమన్నారు. రోజూ రాత్రి దిగులుకి, చిరాకుకి, టెన్షన్‌కి, నిద్రకి 1 నుంచి 6 దాకా మార్కులు. నెలసరి ముందు వారమంతా 5లు, 6లు. మొదలైన రెండు మూడు రోజులకే 1లు! ఆ కాగితం చూసి అమ్మకి నోట మాట రాలేదు.

దీన్ని పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) అంటారట. హార్మోన్ల లెక్క తప్పడం కాదు, వాటి మామూలు మార్పులకే మెదడు తట్టుకోలేకపోవడం. సెర్ట్రలిన్ ఇచ్చారు. డిప్రెషన్‌కి వారాలు పట్టే ఈ మందు దీనికి త్వరగా పనిచేస్తుంది, కొందరికి ప్రతి నెలా నెలసరి ముందు రెండు వారాలు వాడితే చాలన్నారు. చెల్లి ఇప్పుడు బాగా తేలికపడింది. పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్న మేనత్త మాట మాత్రం ఇంట్లో ఇక ఎవరం వినం.

చచ్చిపోవాలన్న ఆలోచనలొచ్చేవాళ్లు దయచేసి సాయం అడగడానికి ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.