ఎర్ర తెరచాప ఉంది కాబట్టి ఇది మిర్రర్ పడవేనా?

సికింద్రాబాదు వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. గత నెల బొల్లారంలో ఒక పాత బంగళాను ఖాళీ చేస్తున్నప్పుడు, వెనుక రేకుల షెడ్డులో బోర్లించి ఉన్న చిన్న తెరచాప పడవ ఒకటి నా కంటబడింది. బాగుచేసి మళ్ళీ నీళ్ళలోకి దించాలన్న కోరికతో దాన్ని కొన్నాను. అమ్మినవారు దీన్ని మిర్రర్ అన్నారు, పడవతోపాటు ఒక ఎర్ర తెరచాప కూడా ఇచ్చారు. అయితే ఆ తెరచాపను అడుగు కొయ్యకు కట్టి చూస్తే బాగా పొట్టిగా ఉంది. పడవంతా ప్లైవుడ్డే. పైన కనీసం మూడు పొరల రంగు ఉంది, తయారీదారు పేరున్న రేకు గానీ అంకె గానీ ఎక్కడా కనిపించడం లేదు. ముందు రంగంతా గీకేసి తర్వాత వివరాలు వెతకాలా, లేక ఇప్పుడే గుర్తుపట్టే మార్గం ఏదైనా ఉందా?

లీడ్స్ తెలుగు:

అయ్యా, దయచేసి గీకుడు కాగితం పక్కన పెట్టి ముందు టేపు పట్టుకోండి. తెరచాపలు, కొయ్యలు, తాళ్ళు ఒక పడవ నుంచి ఇంకో పడవకు మారుతూనే ఉంటాయి కాబట్టి వాటి సాక్ష్యానికి విలువ తక్కువ. మారనిది చట్రం ఒక్కటే. జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి రూపొందించగా డైలీ మిర్రర్ పత్రిక 1962లో ప్రచారంలోకి తెచ్చిన మిర్రర్ పడవ పొడవు 3.30 మీటర్లు, అంటే పదకొండు అడుగులు కూడా ఉండదు. దాని ముక్కు కోసుగా ఉండదు, అడ్డంగా కోసిన పలకలా ఉంటుంది. ప్లైవుడ్ ముక్కలను రాగి తీగతో కుట్టి, ఆ అతుకుల మీద గ్లాస్ ఫైబర్ పట్టీ అంటించి దాన్ని తయారుచేస్తారు. లోపలి మూలల్లో ఆ పట్టీ రంగు కింద కూడా ఉబ్బుగా తెలుస్తుంది. నీటిలోకి దించే పలకను కత్తిని ఒరలో దూర్చినట్టు నిలువుగా దించుతారు. మీ పడవలో ఆ పలక ఒక ఇరుసు మీద తిరుగుతుందా? ముక్కు ఎలా ఉంది? పక్క చెక్క అడుగు చెక్కతో కలిసే చోట అంచు ఒకటా, రెండా? చుక్కాని బిగించే ఇనుప ముక్కలను వదిలేసి, ముక్కు నుంచి వెనుక పలక దాకా తిన్నగా కొలిచి చెప్పండి.

సికింద్రాబాదు వాసి:

ఈ ఉదయమే కొలిచాను. పొడవు 404 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 160. ముక్కు కోసుగానే ఉంది. ఒక్కో పక్కన రెండేసి అంచులు ఉన్నాయి. పలక తుప్పుపట్టి కదలడం లేదు గానీ ఇరుసు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

లీడ్స్ తెలుగు:

అలాగైతే సందేహం అక్కర్లేదు, మీది ఎంటర్‌ప్రైజ్. ఇదీ జాక్ హోల్ట్ రూపొందించినదే, 1956లో న్యూస్ క్రానికల్ పత్రిక అండతో వచ్చింది. సరిగ్గా 13 అడుగుల 3 అంగుళాలు, ఒక్కో పక్కన రెండంచులు. ఆయనదే అయిన జీపీ14ను దీనితో పొరబడేవారు ఉన్నారు, కానీ అది పద్నాలుగు అడుగులు, దానికి పక్కకు ఒకే అంచు. ఎంటర్‌ప్రైజ్‌కు సంప్రదాయంగా ఉండేది లేత నీలం తెరచాప, దాని మీద ఈ అనే ఇంగ్లీషు అక్షరం. మీ ఎర్రది ఏదో మిర్రర్ నుంచి వచ్చి చేరినట్టుంది. వెలుతురుకు పట్టి చూస్తే, ఊడదీసిన గుర్తు చోట సూది రంధ్రాలు, వెలవని రంగు తప్పక కనబడతాయి.

మన దేశంలో ఈ పడవ దొరకడం వింతేమీ కాదు. 1982 ఆసియా క్రీడల్లో తెరచాప పోటీలు ముంబైలో జరిగినప్పుడు ఎంటర్‌ప్రైజ్ తరగతిలో కూడా పోటీ జరిగింది, స్వర్ణం పాకిస్తాన్‌కు చెందిన బైరామ్ అవారీ, గోష్పీ అవారీలకు దక్కింది. ఇక అంకె సంగతి: చెక్క పడవల్లో తెరచాప సంఖ్యను చట్రం మీద చెక్కడం మామూలే. వెనుక పలక లోపలి వైపు, అడుగు దూలం మీద, సెంటర్‌బోర్డు (నీటిలోకి దించే ఆ పలక) పెట్టె పక్కన టార్చిలైటును ఏటవాలుగా పట్టుకుని రాత్రిపూట వెతకండి. రంగు ఎంత మందంగా ఉన్నా గాడి నీడ తెలుస్తుంది. ఆ సంఖ్య దొరికితే పడవ ఏ కాలానిదో దాదాపుగా తేలుతుంది.

తాళ్ళరేవు మనవడు:

మా తాతగారు కోరంగి వైపు పడవలు కట్టినవారు కాబట్టి చెక్క గురించి నాలుగు మాటలు చెబుతాను. పేరు తెలిసింది కదా అని వెంటనే ఎపాక్సీ (నీరు చొరనివ్వని జిగురు పూత) పూయకండి. తడి లోపల ఉండగా పైన పూస్తే చెక్క లోలోపలే కుళ్ళుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు పడవంతా కొట్టి చూడండి. ఖంగుమన్న చోట భయం లేదు. మొద్దుగా పలికిన చోట, ముఖ్యంగా వెనుక మూలల్లోనూ సెంటర్‌బోర్డు పెట్టె మొదట్లోనూ, స్క్రూడ్రైవర్ మొన దిగుతుందేమో చూడండి. అడుగున ఎవరైనా గ్లాస్ ఫైబర్ కప్పి ఉంటే మరీ జాగ్రత్త, దాని కింద నీరు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. ఇత్తడి స్క్రూ ఒకటి విప్పండి. లోపల గులాబీ రంగులోకి తిరిగి ఉంటే అందులోని జింకు పోయినట్టే, అది విరిగిపోతుంది, అన్నీ మార్చాలి. కొత్త ప్లైవుడ్ మీద, నీటికి తట్టుకునే మెరైన్ రకానికి వేసే ఐఎస్ 710 ముద్ర ఉంటేనే తీసుకోండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, పిల్లలను దగ్గరకు రానీయకండి.

సికింద్రాబాదు వాసి:

ముగ్గురం కలిసి నిన్న రాత్రి టార్చితో వెతికాం. వెనుక పలక లోపల నాలుగంకెల గాడి కనిపించింది, మొదటి మూడు చదవగలిగాం. నాలుగోది మూడో ఎనిమిదో తేలడం లేదు. పలుచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చు ఫొటో సాయంత్రం పెడతాను. వెనుక ఎడమ మూలలో మాత్రం స్క్రూడ్రైవర్ అర అంగుళం దిగిపోయింది.