1990 ఎంఎక్స్-5లో 4.10 డిఫరెన్షియల్: బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య ఖాళీ) ఒక్కో చోట ఒక్కోలా వస్తోంది, ఏం చేయాలి?

కారు 1990 మాజ్దా ఎంఎక్స్-5, 1.6 ఇంజన్. వెనక చక్రాలకు శక్తిని పంచే పాత డిఫరెన్షియల్ (గేర్ నిష్పత్తి 4.30) తీసేసి, 1994 తర్వాతి 1.8 కారులోని 4.10 టోర్సెన్ (ఒక చక్రం జారితే రెండోదానికి బలం మళ్లించే రకం) వేస్తున్నాను. 1.6 షాఫ్టులు దానికి పట్టవు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు, రెండు వైపుల యాక్సిల్ షాఫ్టులు కూడా 1.8వే తెచ్చాను. 4000 ఆర్‌పీఎం దగ్గర వచ్చే వేగం ఇకపై సుమారు 3815 దగ్గరే వస్తుంది. స్పీడోమీటరు గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది గనుక దాదాపు 5 శాతం తక్కువ చూపిస్తుంది, దాని సంగతి తర్వాత.

అసలు చిక్కు వేరే ఉంది. డిఫరెన్షియల్ సెకండ్‌హ్యాండ్‌ది. బేరింగులు మార్చి బిగించాక, డయల్ గేజ్‌తో క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రం) చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే బ్యాక్‌లాష్ 0.09 నుంచి 0.17 మి.మీ. దాకా మారుతోంది. మార్కింగ్ పేస్టు పూసి తిప్పితే పేస్టు గుర్తు పంటి మధ్యలోనే పడుతోంది, అంటే పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరు) లోతు సరిగానే ఉన్నట్టు.

క్రౌన్ వీల్ కూర్చునే ముఖం మీద మురికో, చిన్న గీరో మిగిలిందా, లేక దాన్ని బిగించే డిఫరెన్షియల్ కేసే వంగిందా? క్రౌన్ వీల్ వెనక ముఖం మీద రనౌట్ (తిరిగేటప్పుడు కనిపించే ఊగు) చూస్తే విప్పకుండానే తేలుతుందా? ఎంతవరకు వదిలేయొచ్చు? ఇలాగే నడిపితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు ఊళ వస్తుందేమోనని నా అనుమానం. 75డబ్ల్యూ-90 జీఎల్-5 ఆయిల్ లీటరు పోసేలోపే ఇది తేల్చుకోవాలి. ఈ పని చేసినవాళ్లు చెప్పండి.