శీర్షికలు మాత్రమే అడిగినా ఇంత ఆలస్యమెందుకు?

మారతహళ్లి వాసి: నమస్కారం. మా సంఘం సేకరించిన పిల్లల కథలన్నీ ఒకే టేబుల్‌లో ఉన్నాయి. ఐడీ, శీర్షిక, తేదీ, వాటి పక్కనే టెక్స్ట్ కాలమ్‌లో కథ మొత్తం ఉంటుంది. కథ జోలికి పోకుండా ఇటీవలి 20 శీర్షికలను మాత్రమే అడుగుతున్నా జాబితా రావడానికి 9 సెకన్లు పడుతోంది. మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను. ర్యామ్ పెంచినా ఫలితం లేదు. దయచేసి దారి చూపండి.

జయనగర్ వాసి: ఏ డేటాబేస్? ఏ వెర్షన్? క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ఏం చూపిస్తోంది?

యలహంక వాసి: అంతకంటే ముందు కాలమ్ రకం చూసుకోండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వంటివి) 3 బైట్లు పడతాయి. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం, కానీ లోపల 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ పరిమితి 65,535 బైట్లు కనుక 21,845 తెలుగు సంకేతాలతో నిండిపోతుంది. పట్టని డేటాను తిరస్కరించే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే కథ చివరి భాగం ఒక్క హెచ్చరికతో తెగిపోతుంది. ఇంకా ఎక్కువ పట్టే మీడియంటెక్స్ట్ రకం పెట్టుకోండి.

మారతహళ్లి వాసి: మైఎస్‌క్యూఎల్ 8 అండీ. టేబుల్ మాత్రం 5.6 నాటిది. కథలు చాలావరకు 6,000 బైట్ల లోపే. ఎక్స్‌ప్లెయిన్‌లో టైప్ ‘ఆల్’ (టేబుల్ మొత్తం చదవడం) అని, చివర ‘యూజింగ్ ఫైల్‌సార్ట్’ (విడిగా క్రమంలో పేర్చడం) అని ఉంది.

వైట్‌ఫీల్డ్ వాసి: 5.6 నాటిదైతే రో ఫార్మాట్ (టేబుల్‌లోని ఒక్కో వరుసను దాచే తీరు) ఇంకా కాంపాక్ట్‌గానే ఉండి ఉంటుంది, ఎందుకంటే అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన అది మారదు. పెద్ద కథను బయటి పేజీలకు (డేటాబేస్ డేటాను దాచే ముక్కలకు) పంపినా కాంపాక్ట్ మొదటి 768 బైట్లను రోలోనే ఉంచుతుంది. డైనమిక్‌లో అయితే కథ ఎక్కడుందో చెప్పే 20 బైట్ల పాయింటర్ మాత్రమే మిగులుతుంది. ఆల్టర్ టేబుల్‌తో మార్చేయండి.

జయనగర్ వాసి: ఇక్కడ అది పనిచేయదు. రో దాదాపు 8,000 బైట్లు దాటితే తప్ప డైనమిక్ కూడా దేన్నీ బయటికి పంపదు. 6,000 బైట్ల కథ రోలోనే ఉండిపోతుంది కనుక 16 కేబీ పేజీలో రెండు రోలకు మించి పట్టవు. అందువల్ల మీరు శీర్షికలే అడిగినా, క్రమంలో పేర్చిన సూచిక, అంటే ఇండెక్స్, లేనందున డిస్క్ నుంచి కథలన్నీ చదవాల్సి వస్తోంది. తేదీ, శీర్షిక కలిపి ఒక ఇండెక్స్ పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ ఇంజిన్ ఇండెక్స్‌లో ప్రైమరీ కీ, అంటే ఇక్కడ ఐడీ, ఎలాగూ ఉంటుంది కాబట్టి, చివరి నుంచి 20 ఎంట్రీలు చదివి అక్కడితో ఆగుతుంది. జాబితాలో మున్ముందు మరిన్ని కాలమ్‌లు చేర్చేటట్లయితే, కథను అదే ఐడీతో వేరే టేబుల్‌లోకి మార్చడం మేలు.

యలహంక వాసి: దాన్ని నిలువు విభజన అంటారు.

వైట్‌ఫీల్డ్ వాసి: ఆ మాట వద్దండీ, పార్టిషనింగ్ అనుకుంటారు. మైఎస్‌క్యూఎల్‌లో పార్టిషన్ అంటే రోలను పంచడమే, కాలమ్‌లను కాదు. ‘వేరే టేబుల్’ అంటే సరిపోతుంది.

యలహంక వాసి: నిలువు అన్నాక సందేహానికి తావెక్కడ?

మారతహళ్లి వాసి: ఇండెక్స్ పెట్టగానే జాబితా వెంటనే వచ్చింది. ధన్యవాదాలు.

యలహంక వాసి: సంతోషం. పెద్ద కథల్లో ఏదైనా చివర తెగిపోయిందేమో చూశారా?