పీసీఓడీ ఉంటే అన్నం మానేయాల్సిందేనా?

బందరు పిల్ల:
హాయ్ అండీ అందరికీ. నాకు 27, పెళ్లై రెండేళ్లైంది. పీరియడ్స్ యాభై రోజులకోసారి, అరవై రోజులకోసారి వస్తున్నాయి, గడ్డం కింద వెంట్రుకలు, స్కాన్‌లో పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగలు అన్నారు. డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి వాడే మాత్రే) రాసి బరువు తగ్గమ్మా అన్నారు అంతే, ఏం తినాలో అడిగేలోపు తర్వాతి పేషెంట్ లోపలికొచ్చేసింది. ఇప్పుడు మా అత్తయ్యగారేమో అన్నం ముట్టుకోవద్దు కొర్రలే తినమంటున్నారు, మా అమ్మేమో అన్నం మానేస్తే ఒంట్లో సత్తువుండదు ఇంక పిల్లలేం పుడతారే అంటోంది. ఇద్దరి మధ్యా ఫోన్లో నలిగిపోతున్నా. మానేసి చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

కరీంనగర్ అక్క:
నేను మానేసిన చెల్లె. పొద్దుగాల జొన్నరొట్టె, పగటిపూట కొర్రన్నం, రాత్రికి మళ్ల రొట్టెనే. ఏడు నెలల్ల తొమ్మిది కిలోలు తగ్గిన, ఇప్పుడు పీరియడ్స్ నెలనెలకు వస్తున్నయ్. మన ఇండ్లల్ల మూడు పూటలు తెల్లన్నం తినుడే, షుగరైనా పీసీఓడీ అయినా ఆడికెల్లే వస్తున్నయ్. మానేయ్ అంతే.

పప్పు గరిటె:
అక్కా, మీకు తగ్గినందుకు సంతోషం కానీ అది కొర్రల మహిమేనని ఎలా చెప్తాం? నేను డైటీషియన్‌ని. రెండుసార్లు మారు వడ్డించుకునే మనిషి రెండు రొట్టెల దగ్గర ఆగిపోతే అది ఏ రొట్టె అయినా బరువు తగ్గుతుంది. వంద గ్రాముల పచ్చి బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, కొర్రల్లాంటి చిరుధాన్యాలే అయిన సామల్లో అరికల్లో 65, 66. తేడా ఉంది, కాదనను, పీచు కూడా వాటిలోనే ఎక్కువ, మెల్లగా అరుగుతాయి. కానీ ఒకటి విషం ఇంకోటి మందు అనేంత తేడా కాదు. పైగా వాటినే మెత్తగా పిండి పట్టించి జావ కాచుకుని గ్లాసులకి గ్లాసులు తాగితే ఆ లాభం చాలావరకు పోయినట్టే. పెద్ద గ్లాసుడు రాగిజావ తాగి "డైట్‌లోనే ఉన్నా మేడం" అనేవాళ్లని వారానికి ఇద్దరినైనా చూస్తా.

అసలు గొడవంతా ఇన్సులిన్‌ది. పీసీఓఎస్ (పీసీఓడీ అంటున్నది దీన్నే) ఉన్న చాలామందికి ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, పట్టట్లేదని క్లోమం ఇంకా ఎక్కువ వదులుతుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల అండాశయాల్లో పురుష హార్మోన్లు ఎక్కువ తయారవుతాయి, అది చాలదన్నట్టు ఆ హార్మోన్లని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ని లివర్ తక్కువ చేస్తుంది, దాంతో టెస్టోస్టెరాన్ రక్తంలో విచ్చలవిడిగా తిరుగుతుంది. గడ్డం కింద వెంట్రుకలూ, అండం విడుదల కాకపోవడమూ ఇక్కడినుంచే. బరువు ఎక్కువున్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి సైకిల్ దారిలో పడుతుంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్ కూడా ఫలానా డైటే గొప్పదని ఎక్కడా చెప్పలేదు.

కరీంనగర్ అక్క:
గైడ్‌లైన్ రాసినోళ్లు మన లెక్క గిన్నెడు అన్నం తింటరా? ఆళ్ల పళ్లెంల అన్నం ఓ మూలకుంటది, మన పళ్లెంల కూర ఓ మూలకుంటది. కొంచెం తిను అంటరు, ఆవకాయ నెయ్యి ఏస్కొని కలిపినంక చెయ్యి ఆగుతదా ఎవరికన్నా? నా సంగతి నాకు తెల్వదా. కొంచెం తినుడు కన్నా మొత్తం బంద్ చేసుడే అల్కగుంటది.

పప్పు గరిటె:
ఆవకాయ దగ్గర మాత్రం నేను ఓడిపోయా 😄 మీకు పూర్తిగా మానడమే తేలికైతే మానండక్కా, నాకేం అభ్యంతరం లేదు. కానీ చెల్లికి అదే సరిపడుతుందని గ్యారంటీ లేదు. ఇంకోటి, మన తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లో బియ్యం గోధుమలతో పాటు చిరుధాన్యాలని కూడా కలిపే రోజు మొత్తం కేలరీల్లో 45 శాతానికి మించొద్దన్నారు. అంటే కొర్రలకి వేరే ఖాతా ఏమీ లేదు.

ఎముకల గూడు:
నేను 48 కిలోలు, నాకూ పీసీఓఎస్సే. బరువు తగ్గు అనే మాట నాకు చెప్తే ఏం తగ్గాలి, జుట్టా? ఫాస్టింగ్ షుగర్ 91 వస్తే అంతా బాగుందన్నారు, వేరే డాక్టర్ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూస్తే 158. 140 దాటితే ప్రీడయాబెటిస్ కిందే లెక్క. ఎవరైనా సరే ఫాస్టింగ్ ఒక్కటే చూసి వదిలేయకండి.

గ్లూకోమీటర్ కొనుక్కుని ఇంట్లో పొడుచుకున్నా. నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ, గంట తర్వాత 174. మర్నాడు రెండు ఇడ్లీ, రెండు ఉడికించిన గుడ్లు, గిన్నెడు సాంబారు, తిన్నాక మేడ మీద పావుగంట నడక: 126. ఇడ్లీ మానలేదు చూడండి, సగం చేసి పక్కన ఉన్నవి మార్చా. అంతకుముందు ఆ కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ల డైట్ కూడా చేశా నెలన్నర, ఉన్న నాలుగు కిలోలూ పోయి పీరియడ్స్ నాలుగు నెలలు అసలే రాలేదు. సన్నగా ఉన్నవాళ్లు దాని జోలికి పోకండి.

వరి మడి:
మా పొలంలో తెలంగాణ సోనా వేస్తాం, ఆర్ఎన్ఆర్ 15048, రాజేంద్రనగర్ యూనివర్సిటీ వాళ్ల రకం. జీఐ, అదే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క, 51 దాకానే అంటారు. అది తింటే ఈ లొల్లే ఉండదు కదా?

పప్పు గరిటె:
మంచి బియ్యమే అన్నా, సాంబమసూరి కంటే నయం. కానీ జీఐ తక్కువ కదా అని ఇంకో గరిటె వేసుకుంటారు చూడండి, అక్కడికి మళ్లీ మొదటికే. బందరు చెల్లీ, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చు, అప్పుడప్పుడు చూపించుకో. మూడు నెలలు దాటినా పీరియడ్ రాకపోతే డైట్ పని చేస్తుందిలే అని కూర్చోకుండా డాక్టర్ దగ్గరికెళ్లు. పిల్లల కోసమైతే అండం విడుదలకి మందులున్నాయి, తిండి ఒక్కదాని మీదే భారం పెట్టకు.

బందరు పిల్ల:
థాంక్స్ అండీ అందరికీ. ఇవాళ మధ్యాహ్నం నేను రోజూ పెట్టుకునేంత పెట్టుకుని కిచెన్ తూకం మీద పెట్టి చూశా, 340 గ్రాముల అన్నం, పప్పు రెండు గరిటెలు, బెండకాయ వేపుడు నాలుగు ముక్కలు!! నేను తక్కువే తింటా అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మా అమ్మకి చెప్తే సరే ఒక ముద్ద తగ్గించు అంది, అదీ ఒక్కటేనట. అత్తయ్యగారితో కొర్రలు వారానికి మూడ్రోజులు తింటానన్నా, ఆవిడ నాలుగు అన్నారు. గ్లూకోజ్ టెస్ట్ సోమవారం, రిజల్ట్ వచ్చాక పెడతా.