కేబుల్ ‘లాస్’ని తెలుగులో నష్టం అనాలా, తరుగు అనాలా?

హామ్ రేడియో (సరదా కోసం సొంతంగా నడిపే రేడియో) నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో పాఠం రాస్తూ ఈ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. లాస్ అంటే రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్‌లో దారిలోనే పోయే శక్తి. అందరూ నష్టం అనే రాస్తారు. నాకు మాత్రం తరుగే సరైన మాట అనిపిస్తోంది.

నష్టాన్ని మొత్తంగా చెప్తాం, ఈ ఏడు పంటలో ఇరవై వేలు నష్టం అంటాం. తరుగు అలా కాదు, దేనికో ఒకదానికి ఇంత అని చెప్పాల్సిందే. కంసాలి నూటికి ఇంత తరుగు అంటాడు, ధాన్యం కాటా దగ్గర క్వింటాలుకి ఇన్ని కిలోలు అంటారు. కేబుల్ లెక్కా సరిగ్గా ఇదే. ఆర్‌జి-58 అనే రకం కేబుల్ 30 మీటర్లు వేస్తే 145 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర దాదాపు 6 డెసిబెల్స్ (శక్తి ఎన్నో వంతుకి తగ్గిందో, ఎన్ని రెట్లయిందో చెప్పే కొలత) పోతాయి, అంటే రేడియో ఎన్ని వాట్లు ఇచ్చినా పైన యాంటెన్నాకి చేరేది నాలుగో వంతే. 20 ఇస్తే 5, 50 ఇస్తే పన్నెండున్నర. అదే కేబుల్‌లో 7 మెగాహెర్ట్జ్ దగ్గరైతే ఇచ్చిన వాట్లలో పావు వంతే తరుగుతుంది. పచ్చి ధాన్యానికి ఒక తరుగు, ఎండినదానికి ఒక తరుగు ఉన్నట్టే.

జవాబు: తరుగు అంటే నాకు వంకాయలు తరగడం గుర్తొస్తుందండీ. పైగా అకౌంట్స్‌లో తరుగుదల అంటే డిప్రిసియేషన్.

నేను: ఓపిక తరిగిపోయింది అంటే వంకాయలు ఎవరికీ గుర్తురావు కదండీ. తరుగుదల కూడా ఏటా నూటికి ఇంత అని వేసేదే, కాబట్టి అది నా వాదనకే బలం.

జవాబు: మరి యాంటెన్నా గెయిన్‌ని లాభం అంటారా అన్నా?

నేను: అస్సలు వద్దు తమ్ముడూ, అసలు చిక్కంతా అక్కడే. పై కేబుల్‌కి డైపోల్ (మామూలు సాదా యాంటెన్నా) కంటే 6 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాగీ (ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా) తగిలించి, రేడియో నుంచి 50 వాట్లు ఇచ్చావనుకో. 6 నష్టం, 6 లాభం, చెల్లుకు చెల్లు అంటాడు పిల్లాడు. చెల్లు కాలేదు! ముప్పైఏడున్నర వాట్లు కేబుల్‌లోనే వేడిగా పోయాయి, అవి మళ్లీ రావు. యాగీ ఒక్క వాటు కూడా పుట్టించదు, ఉన్న పన్నెండున్నరనే మిగతా దిక్కుల్లో తగ్గించి ముందుకి ఎక్కువగా పంపుతుంది.

జవాబు: అయితే ‘మొగ్గు’ అనండి. త్రాసు మొగ్గినా కొత్త బరువేమీ పుట్టదు, ఒక పక్కకి ఒరుగుతుందంతే.

నేను: అమ్మా, ఎంత మంచి మాట ఇచ్చారు! తరుగు, మొగ్గు. రెండూ కాటా దగ్గరి మాటలే. పాఠంలో ఇవే పెడుతున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. తరుగూ మొగ్గూ రెండూ వేశాక వచ్చే లెక్కని ఈఆర్‌పీ (ఎఫెక్టివ్ రేడియేటెడ్ పవర్) అంటాం, పై ఉదాహరణలో అది 50 వాట్లు. వెలువడే శక్తి అని రాద్దామంటే నిజంగా వెలువడేది పన్నెండున్నరే, మొగ్గు ఉన్న వైపు నుంచి వినేవాళ్లకి డైపోల్‌తో 50 వాట్లు పంపినట్టు వినిపిస్తుంది, అంతే. దీనికేమనాలి?