సిరోసిస్ ఉన్నవాళ్లకి బరువు ఎక్కువైతే లివర్ కేన్సర్ ముప్పా?

కాలవగట్టు:
నాన్నగారికి 54 ఏళ్లు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. షుగర్ ఉంది, మద్యం ముట్టరు. ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్ అయిందన్నారు, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయిందట. పొట్టలో నీరు లేదు. బరువు తగ్గకపోతే కేన్సర్ ముప్పు పెరుగుతుందని డాక్టరు గారు, పస్తులుంచితే మనిషి నీరసించిపోతాడని ఇంట్లో పెద్దవాళ్లు. భీమవరం పక్క పల్లెటూరు మాది, మూడు పూటలా అన్నమే. ఎంత తగ్గాలండి, ఎలా?

యనమదుర్రు:
రెండు మాటలూ నిజమేనండి. ఆయన బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, దాదాపు 31. మనవాళ్లకి 25 నుంచే ఊబకాయం కింద లెక్క. కొవ్వు పట్టిన లివర్‌లో వాపు ఆరదు, కణాలు చస్తూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. దానికి తోడు ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరి వాటిని ఇంకా పెరగమని తోస్తుంది. ఆ పుట్టుకల్లో ఎక్కడో తప్పు పడితే కేన్సర్. షుగర్ ఉంటే ముప్పు మరింత.

ఆరు నెలల్లో 5 నుంచి 10 శాతం, అంటే 4 నుంచి 8 కిలోలు తగ్గితే చాలు. పస్తులు మాత్రం వద్దు. సిరోసిస్ లివర్‌లో రాత్రికి సరిపడా శక్తి నిల్వ ఉండదు, తెల్లారేసరికి ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అందుకే కోత అన్నంలో పెట్టండి, ముక్కలో కాదు. అన్నం మూడో వంతు తగ్గించి ఆ చోట పప్పు, చేప, గుడ్డు. తగిన బరువు 60 కిలోలనుకుంటే రోజుకి 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. వంద గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాములు, గుడ్డులో 6. పులుసు తను పోసుకుని ముక్క మనవల కంచంలో వేసేస్తే లాభం లేదు. పడుకోబోయే ముందు గ్లాసు పాలు, ఒక ఇడ్లీ తప్పనిసరి. షుగర్ మందుల మోతాదు దానికి తగ్గట్టు డాక్టరు సరిచేస్తారు.

కోనసీమ కొబ్బరి:
కాటా ఒక్కదాన్నే నమ్మొద్దు. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, కాఫీ తాగకముందు తూచి రాసుకోండి. వారంలో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆవకాయ, ఎండు చేపల్లాంటి ఉప్పటివి ఆపి వెంటనే డాక్టరుకి చూపించాలి. కాటా మీద బరువు తగ్గుతూ తొడలు సన్నబడితే పోతున్నది కండ. చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదు సార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కండ బలహీనమైనట్టే. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు జారిపోతుంటే తర్వాతి స్కానింగ్ దాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

యనమదుర్రు:
బరువు తగ్గినా పరీక్ష మానకూడదండి. ఆరు నెలలకోసారి పొట్ట అల్ట్రాసౌండ్, లివర్ కేన్సర్ జాడ పట్టే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. పొట్ట మీద కొవ్వు మందంగా ఉంటే లోపలి భాగాలు సరిగా కనపడవు. ‘లివర్ మొత్తం కనిపించిందా?’ అని అక్కడే అడగండి. లేదంటే సీటీయో ఎమ్మారైయో కావాలి. సెంటీమీటరు, ఆపైన కొత్త గడ్డ కనిపించినా, ఏఎఫ్‌పీ 20 దాటినా కాంట్రాస్ట్ (గడ్డ స్పష్టంగా కనపడేలా నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించి తీసే సీటీ రాస్తారు.

కాలవగట్టు:
తిప్పతీగ కషాయంతో కొవ్వు కరుగుతుందంటున్నారు, పట్టమంటారా?

కోనసీమ కొబ్బరి:
వద్దండి. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఇప్పటికే పట్టిస్తుంటే ఆపేసి, ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి.