కంటికి కనిపించని మొదటి హెచ్‌ఎఫ్ యాంటెన్నా ఏది పెట్టుకోవాలి?

కొత్తసిగ్నల్:
హామ్ రేడియో లైసెన్స్ వచ్చింది, 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్ కూడా ఇంటికొచ్చింది. యాంటెన్నా దగ్గరే ఆగిపోయాను. మేముండే గేటెడ్ కమ్యూనిటీలో ఇంటి బయట కనిపించేలా యాంటెన్నాలు, స్తంభాలు పెట్టకూడదని రూల్. మాది రెండంతస్తుల ఇల్లు. పెంకుల వాలు కప్పు, దాని కింద ఖాళీ అటక ఉన్నాయి. పై అంతస్తు కిటికీకి ఎదురుగా, సుమారు 18 మీటర్ల దూరంలో, మా పెరట్లోనే ఒక పెద్ద చెట్టు ఉంది. 40, 20 మీటర్ల బ్యాండ్లలో (అంటే ఆ తరంగదైర్ఘ్యాల దగ్గర) మాట్లాడాలని, కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే ఎఫ్‌టీ8 కూడా చూడాలని కోరిక. మాగ్నెటిక్ లూప్ (చిన్న వలయం యాంటెన్నా) కొనమని ఒకరు, జెండా కర్రలా కనిపించే వర్టికల్ (నిలువు యాంటెన్నా) పెట్టమని ఇంకొకరు, అటకలో డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు ముక్కల తీగ) కట్టమని మరొకరు చెబుతున్నారు. ఏది ముందు మొదలుపెట్టాలి?

రాగితీగ:
లూప్ ఇప్పుడే కొనకండి. చెట్టు ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి అంత డబ్బు పెట్టడం నాకు అర్థం కాదు.

మీకు కావలసింది ఎండ్-ఫెడ్ హాఫ్ వేవ్, అంటే ఒక చివర నుంచి సిగ్నల్ ఇచ్చే, అర తరంగం పొడవున్న తీగ. 40 మీటర్ల బ్యాండ్‌కి తీగ పొడవు దాదాపు 20 మీటర్లు. అదే తీగ 20, 15, 10 మీటర్ల బ్యాండ్లలో కూడా పనిచేస్తుంది. కిటికీ దగ్గర, తీగని కేబుల్‌తో సరిపోల్చే 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అక్కడి నుంచి తీగను చెట్టుకి లాగండి. మీ దూరం 18 మీటర్లు కాబట్టి చివర రెండు మీటర్లు మిగులుతుంది. దాన్ని కొమ్మ నుంచి కిందకి వదిలేయండి, పర్వాలేదు. చివర్లో కరెంటు చాలా తక్కువ, కాబట్టి అక్కడ వంగినా పెద్దగా నష్టం లేదు. వోల్టేజ్ మాత్రం తీగ రెండు చివర్లలోనూ బాగా ఎక్కువ, పిల్లల చేతికి అందకూడదు. మొదట ఒక అర మీటరు ఎక్కువే ఉంచుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూసుకుంటూ కత్తిరించండి. కత్తిరించింది మళ్లీ అతకడం కంటే అదే సుఖం.

ఇక కనిపించకపోవడం సంగతి. అర మిల్లీమీటరు మందం ఉన్న, మెరుపు లేని బూడిద లేదా నలుపు ఇన్సులేషన్ తీగ ఆకాశం ముందు కొంచెం దూరం నుంచి చూస్తే సులువుగా కంటపడదు. మనిషి కళ్లకి దొరికేది తెల్లటి ప్లాస్టిక్ ఇన్సులేటర్, రంగురంగుల నైలాన్ తాడు, కిటికీ దగ్గర తెల్ల డబ్బా, గోడ మీద లావుపాటి నల్ల కేబుల్. అవి దాచండి. చివర ఇన్సులేటర్ బదులు ముదురు రంగు సన్న తాడు చాలు. గాలికి చెట్టు ఊగుతుంది, తీగ సాగదు. కాబట్టి బిగించి కట్టకుండా కొంచెం వదులు ఇవ్వండి, లేకపోతే మొదటి పెద్ద గాలికే తెగుతుంది.

కానీ ఇలాంటి చోట్ల మనల్ని పట్టించేది తీగ కాదు, పక్కింటి స్పీకర్‌లో వచ్చే గరగర. మీరు మాట్లాడినప్పుడల్లా వాళ్ల స్పీకర్ గొణుగుతుంటే కమిటీకి ఫిర్యాదు వెళ్తుంది, అప్పుడు అందరూ తల పైకెత్తి చూస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రెండు మీటర్ల దూరంలో కోయాక్స్‌ని (రేడియో నుంచి వచ్చే కేబుల్‌ని) ఫెరైట్ రింగు మీద చుట్టి చోక్ పెట్టండి, కేబుల్ పైపొర మీద సిగ్నల్ ఇంట్లోకి రాకుండా అది అడ్డుకుంటుంది. రేడియో దగ్గర ఇంకొకటి పెట్టినా నష్టం లేదు. పవర్ పది వాట్లతో మొదలుపెట్టండి. వంద నుంచి పదికి దిగితే పది డెసిబెల్స్ తగ్గుతాయి, అంటే అవతలి వాడి మీటర్ మీద రెండు ఎస్-యూనిట్లు (సిగ్నల్ బలం చూపే గీతలు) కూడా కాదు. ఎఫ్‌టీ8 బలహీన సిగ్నళ్ల కోసమే తయారైంది, దానికి పది వాట్లు ధారాళం. మీరు ఎక్కడెక్కడ వినిపిస్తున్నారో పీఎస్‌కే రిపోర్టర్ వెబ్‌సైట్ మ్యాప్‌లో అప్పటికప్పుడే చూసుకోవచ్చు.

తీగ పడేసేటప్పుడు కరెంటు లైన్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తీగ తెగి ఎగిరినా వాటిని తాకలేనంత దూరం ఉండాలి. మబ్బు పడితే పిడుగు భయం, కోయాక్స్ తీసి ఇంటి బయట పెట్టేయండి.

అటకవాసి:
పై సలహా సరైనదే. చెట్టు కుదరకపోతే అటక కూడా చెడ్డది కాదు. 20 మీటర్ల బ్యాండ్ డైపోల్ మొత్తం పది మీటర్లే, చివర్లు కాస్త మడిస్తే చాలా అటకల్లో పడుతుంది. ముందు కప్పు కింద వేడి ఆపే ఇన్సులేషన్ ఒకసారి చూడండి. అల్యూమినియం పూత ఉన్న షీట్లు వేసి ఉంటే సిగ్నల్ బయటకి పోదు, ఆ ఆలోచన మానేయండి.

అసలు సమస్య ఇంట్లో శబ్దం, అంటే ఇంటి పరికరాల వల్ల రేడియోలో వినిపించే గోల. ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు అన్నీ అటకలోని తీగకి పక్కనే ఉంటాయి. ఏదీ కొనకముందే ఒక తాత్కాలిక తీగ వేసి, రేడియోని బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. గోల ఒక్కసారిగా తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు. తగ్గకపోతే బయటి నుంచి వస్తోంది, అప్పుడు యాంటెన్నా చోటు మార్చడమే మార్గం.

బాల్కనీ:
లూప్‌ని మరీ తిట్టేశారు. చెట్టూ అటకా లేని నాలాంటి ఫ్లాట్ వాళ్లకి అదే దిక్కు. మీటరు వ్యాసం ఉన్నది 20 నుంచి 10 మీటర్ల బ్యాండ్ల వరకు బాగానే పనిచేస్తుంది. తిప్పి పెడితే ఒక దిక్కు నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించుకోవచ్చు కూడా. ఫ్రీక్వెన్సీ కొద్దిగా జరిపినా మళ్లీ ట్యూన్ చేయాలి. ఎఫ్‌టీ8లో ఒకే చోట ఉంటాం కాబట్టి ఆ బాధ లేదు. లూప్‌ని ట్యూన్ చేసే కెపాసిటర్ మీద వేల వోల్టులు ఉంటాయి, ప్రసారం చేసేటప్పుడు దగ్గర నిలబడకండి.

జెండా కర్ర వర్టికల్ కూడా మంచిదే, కానీ దాని అడుగు నుంచి చుట్టూ పరిచే రేడియల్ తీగలు పచ్చిక కింద పాతకపోతే మీ పవర్‌లో చాలా భాగం నేలని వేడి చేయడానికే పోతుంది. మొదటి యాంటెన్నాకి అంత తవ్వకం ఎందుకు?

కొత్తసిగ్నల్:
అందరికీ థాంక్స్. సరే, చెట్టే ఖాయం. ఇంకో మాట. వర్షం నీళ్లు పోయే మెటల్ గొట్టాన్నే యాంటెన్నాగా వాడొచ్చా? అది ఎలాగూ ఇంటి చుట్టూ ఉంది కదా.

రాగితీగ:
వద్దండీ. ఆ గొట్టం ఒకే ముక్క కాదు, అతుకుల వరుస. తుప్పు పట్టిన అతుకు డయోడ్‌లా పనిచేసి మీ సిగ్నల్‌కి హార్మోనిక్స్ (రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో అనవసర సిగ్నళ్లు) పుట్టిస్తుంది, పక్కింటి టీవీకి అదే చాలు. పైగా దాని పొడవు మన చేతిలో ఉండదు.

ఇంకొకటి. ఆ తీగ నుంచి రెండు వేర్వేరు ఫలితాలు వస్తాయి, ఆశ్చర్యపోకండి. ఏడు మీటర్ల ఎత్తులో 40 బ్యాండ్ సిగ్నల్ ఎక్కువగా పైకే వెళ్లి, చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్లలో దిగుతుంది. 20 బ్యాండ్‌లో అదే ఎత్తు తరంగంలో మూడో వంతు, కాబట్టి దూరాలు బాగా దొరుకుతాయి. పగలు 20, సాయంత్రం నుంచి 40 విని చూడండి. మొదటి వారం ప్రసారం చేయకుండా వినడానికే పెట్టుకున్నా తప్పు లేదు, ఆ లోపల తీగ ఎవరి కంటా పడిందో లేదో కూడా తెలుస్తుంది.